పాత లారీ గేరు బాక్సు మోత: మన ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఓబీడీ స్కానర్ తగిలిస్తే బండి జబ్బు ఫోన్‌లో కనిపించేస్తుందని చెప్పే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇప్పటి కార్లలో చాలావరకు అది నిజమే. కానీ విశాఖ పోర్టు రోడ్డు మీదా, స్టీల్ ప్లాంట్ చుట్టుపక్కలా ఇంకా తిరుగుతున్న పదిహేనేళ్లు దాటిన లారీలకు ఆ డాంగిల్ దండగ. మెకానికల్ పంపుతో నడిచే ఇంజిన్‌కి ఈసీయూనే ఉండదు, ఇక స్కానర్ ఎవరితో మాట్లాడుతుంది? ఈసీయూ ఉన్న బండిలో అయినా, చేత్తో మార్చే గేరు బాక్సు లోపల బేరింగ్ అరిగితే ఎర్రర్ కోడ్ రాదు. బాక్సు విప్పకముందు దొరికే ముఖ్యమైన ఆధారం చప్పుడే.

మా బాబాయిది 2008 మోడల్ పది టైర్ల లారీ. విశాఖ నుంచి స్టీలు ఎత్తుకుని సాలూరు, కోరాపుట్ మీదుగా రాయపూర్ వెళ్తుంది. ఈమధ్య గేరు బాక్సులో మోత పెరిగింది. "చప్పుడు ముందు నుంచీ ఉందిరా, ఒక్క ట్రిప్పు వేసొచ్చి చూద్దాం" అని ఆయన, "ఇప్పుడే దించుదాం" అని గాజువాక ఆటోనగర్ మేస్త్రి. బాక్సు దించితే బండి షెడ్డులో ఆగుతుంది, కిరాయి పోతుంది. దించకుండా సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కితే, దిగేటప్పుడు లోడు బండికి బ్రేకులతో పాటు గేరు పట్టు కూడా కావాలి. అక్కడ గేరు జారిందంటే ఇంజిన్ పట్టు ఒక్కసారిగా పోతుంది.

అందుకే రెండు వారాలు లోకల్ లోడ్లకే బండి తిప్పుతూ, రెండు ఫోన్లు, కొన్ని చవక గాడ్జెట్లతో పరీక్షించి చూశాను. ఫలితం ముందే చెప్పేస్తాను: ఫోన్ డాక్టర్ కాదు, కానీ మంచి సాక్షి.

ముందు యాప్ కాదు, క్లచ్

ఏ యాప్ తెరిచే ముందైనా ఈ పరీక్ష చేయండి. ఖర్చు సున్నా. బండి చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, టైర్లకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఐడిల్‌లో ఉంచండి.

- క్లచ్ మీద కాలు లేనప్పుడు మోత ఉండి, పెడల్ పూర్తిగా తొక్కిన రెండు మూడు సెకన్లకి ఆగిపోతే: అనుమానం ఇన్‌పుట్ షాఫ్ట్, లే షాఫ్ట్ బేరింగ్‌ల మీద.
- పెడల్ తొక్కితేనే మోత మొదలైతే: రిలీజ్ బేరింగ్ లేదా పైలట్ బేరింగ్. బాక్సు లోపలి గేర్లకి దీనితో సంబంధం లేదు.
- ఒక్క గేరులోనే అరుస్తుంటే: ఆ గేరు పళ్లు లేదా దాని కింది నీడిల్ బేరింగ్.
- కింది గేర్లలో మోత ఎక్కువగా ఉండి, డైరెక్ట్ గేరులో తగ్గితే: లే షాఫ్ట్. డైరెక్ట్‌లో శక్తి నేరుగా మెయిన్ షాఫ్ట్‌కి పోతుంది, లే షాఫ్ట్ లోడు లేకుండా తిరుగుతుంది. మీ బాక్సులో డైరెక్ట్ గేరు ఏదో మేస్త్రిని అడగండి, ఓవర్ డ్రైవ్ ఉంటే పై గేరు డైరెక్ట్ కాదు.
- గేరు ఏదైనా బండి వేగంతోనే మోత పెరిగితే: ప్రొపెల్లర్ షాఫ్ట్ సెంటర్ బేరింగ్, జాయింట్ క్రాస్, క్రౌన్ పినియన్ కూడా చూడాలి. బాక్సు దించి డబ్బు పోసుకోవద్దు.
- గేరు మార్చేటప్పుడు మాత్రమే గర్రుమంటే: సింక్రోనైజర్ రింగులు అరగడం, లేదా క్లచ్ పూర్తిగా విడవకపోవడం.

ఫోన్ రికార్డింగ్‌లో అసలు చిక్కు

డ్రైవర్లు చాలామంది చప్పుడుని వాట్సాప్ వాయిస్ నోట్‌గా మేస్త్రికి పంపుతారు. మా బాబాయి కూడా అంతే. మేస్త్రి విని "ఏమీ లేదే" అన్నాడు. కారణం ఫోనే. వాయిస్ నోట్‌ని మనిషి గొంతు కోసం కుదించి పంపుతారు. దానికితోడు ఫోన్‌లోని నాయిస్ సప్రెషన్, ఒకే తీరుగా సాగే హోరుని వెనకాల గోలగా లెక్కేసి తీసేస్తుంది. మనకి కావాల్సింది సరిగ్గా ఆ హోరే!

ఇలా చేస్తే తేడా తెలిసిపోయింది:

- ఆండ్రాయిడ్‌లో డబ్ల్యూఏవీ ఫార్మాట్‌లో రికార్డ్ చేసే యాప్ వాడండి. కొన్ని యాప్‌ల సెట్టింగ్స్‌లో ఆడియో సోర్స్ అని ఉంటుంది, అందులో అన్‌ప్రాసెస్డ్ ఎంచుకోండి. ఐఫోన్‌లో వాయిస్ మెమోస్ ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌కి మార్చండి.
- పంపేటప్పుడు వాయిస్ నోట్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.
- ప్రతిసారీ ఫోన్ ఒకే చోట ఉండాలి. నేను క్యాబిన్‌లో గేరు రాడ్ దగ్గర, మెత్తటి గుడ్డ మీద పెట్టాను. బండి వేడెక్కాక, అద్దాలు మూసి, ఒకే ఆర్పీఎమ్‌లో 20 సెకన్లు.
- ఫైల్ పేరులో తేదీ, గేరు, ఆర్పీఎమ్ రాయండి.

ఫోన్‌ని గేరు బాక్సుకి ఆనించొద్దు. మోటార్‌సైకిల్ ఇంజిన్ లాంటి బలమైన అదురు ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్‌ని దెబ్బతీయొచ్చని యాపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. నడుస్తున్న బండి కింద ఎవరూ దూరొద్దు. రోడ్డు మీద రికార్డింగ్ పని పక్క సీటులో ఉన్నవాళ్లది, డ్రైవర్‌ది కాదు.

స్పెక్ట్రమ్ యాప్‌లో ఏం చూడాలి

జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం. అందులో ఆడియో స్పెక్ట్రమ్ తెరిస్తే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత మోత ఉందో గ్రాఫ్ వస్తుంది.

లెక్క సులువు. ఐడిల్ 600 ఆర్పీఎమ్ అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సెకనుకి 10 చుట్లు. దాని గేరుకి 22 పళ్లు ఉన్నాయనుకుందాం. సెకనుకి 220 సార్లు పళ్లు కలుస్తాయి, గ్రాఫ్‌లో 220 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తుంది. ఆర్పీఎమ్ 1200 చేస్తే గీత 440కి జరగాలి. అలా జరిగితే ఆ శబ్దం తిరిగే భాగానిదే. ఆర్పీఎమ్ మారినా గీత కదలకపోతే, ఏదో రేకో వదులైన కవరో అదిరి మోగుతోందని అర్థం. పన్ను విరిగితే షాఫ్ట్ చుట్టుకి ఒక్కో టక్ వినిపిస్తుంది.

పళ్లు కలిసే గీత బాగున్న బాక్సులోనూ ఉంటుంది, దాన్ని చూసి భయపడకండి. ఏ బేరింగ్ పోయిందో యాప్ చెప్పదు. రోజులు గడిచేకొద్దీ గీత చుట్టూ గ్రాఫ్ అంతా పైకి లేస్తోందా అన్నదే చూడాలి. మా బండిలో అదే కనిపించింది.

ఫోన్‌లోని అదురు సెన్సార్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక పర్మిషన్ లేని యాప్‌లకి సెకనుకి 200 రీడింగులే అందుతాయి. అంటే 100 హెర్ట్జ్ దాటితే నమ్మలేం.

ఆయిల్ సంగతి

మోత వినగానే చూడాల్సింది ఆయిల్ లెవెల్. తగ్గితే ముందు లీకు వెతకండి. "140 ఆయిల్ పోస్తే సౌండ్ పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. చిక్కటి ఆయిల్ మోతని కప్పేస్తుంది, అరుగుదలని ఆపదు. పొద్దున్నే గేరు పడటం కూడా కష్టమవుతుంది. అలాగే క్రౌన్‌లో పోసే జీఎల్-5 ఆయిల్‌ని గేరు బాక్సులో పోయొద్దు. జీఎల్-4 అడిగే బాక్సులో అది ఇత్తడి సింక్రో రింగులకి పడకపోవచ్చు. బండి మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయండి.

పాత ఆయిల్ తీసినప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతాన్ని మ్యాక్రో మోడ్‌లో ఫోటో తీయండి. బూడిదరంగు మెత్తటి పేస్టు మామూలే. పొలుసులు, ముక్కలు ఉంటే బాక్సు విప్పాల్సిందే. ఆయిల్‌లో పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి భాగాలు అరుగుతున్నాయి.

కొనదగ్గవి, కొనక్కర్లేనివి

- మెకానిక్ స్టెతస్కోప్: కొనొచ్చు. మేస్త్రి స్క్రూ డ్రైవర్ చెవికి ఆనించి వినేది ఇదే పద్ధతి. వాడకం అనుభవం ఉన్న చేతికే, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి దూరంగా.
- టైప్-సీ బోర్‌స్కోప్ కెమెరా: కొనొచ్చు. ఇంజిన్ ఆపి, ఆయిల్ పోసే రంధ్రంలోంచి గేరు పళ్లు కొంతవరకు చూడొచ్చు. బేరింగ్ లోపల కనిపించదు.
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్: ఉంటే మంచిది. అదే లోడు, అదే దారిలో వేడి పెరుగుతోందా అని పోల్చడానికి.
- ఓబీడీ డాంగిల్: ఈ పనికి వద్దు.

చివరికి ఏం తేలింది

క్లచ్ తొక్కితే మోత ఆగింది, డైరెక్ట్ గేరులో తగ్గింది, రెండు వారాల రికార్డింగుల్లో పెరిగింది, ప్లగ్ మీద సన్నటి పొలుసులు కనిపించాయి. మొదటి రోజు ఫైలూ, పద్నాలుగో రోజు ఫైలూ పక్కపక్కనే వినిపించాక బాబాయి రాయపూర్ లోడు వదులుకున్నారు. బాక్సు దించితే లే షాఫ్ట్ ముందు బేరింగ్ రోలర్లకి గుంటలు పడి ఉన్నాయి. గేరు పళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. బేరింగ్‌లు, సీళ్లతో పని అయిపోయింది. బేరింగ్ వదులై షాఫ్ట్ పక్కకి జరిగాక తిప్పి ఉంటే పళ్లు కూడా పోయేవి, అప్పుడు బిల్లు వేరే లెవెల్‌లో ఉండేది.

బేరింగ్ పేరు చెప్పింది మేస్త్రి చెవి. "ముందు నుంచీ ఉన్న చప్పుడే" అన్న మాట నిజమో కాదో తేల్చింది ఫోన్. మీ ఇంట్లో పాత లారీ, వ్యాన్, ట్రాక్టర్ ఏది ఉన్నా సరే, ఏ మోతా లేని రోజునే ఒక్క 20 సెకన్లు రికార్డ్ చేసి దాచుకోండి. రేపు తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఆ ఫైలే కావాలి, అది తర్వాత ఎక్కడా దొరకదు.