చెన్నపట్టణపు నీటిబాట

మహానగరముల పూర్వచరిత్ర కోటలయందును దేవాలయములయందును మాత్రమే కానవచ్చునని పలువురు తలంతురు. కాని ప్రజల నిత్యజీవనమునకు తోడ్పడిన బాటలును చరిత్రకు సాక్షులే. చెన్నపట్టణమున సెంట్రల్ రైలుస్టేషను ప్రక్కనుండి చేపాకము, మైలాపూరుల మీదుగా దక్షిణమునకు సాగు కాలువ యొకటి కలదు. నేడు దానిని దాటునపుడు ముక్కు మూసికొనువారే గాని, అది యొకప్పుడు నగరమునకు తిండిగింజలను, వంటకట్టెలను చేర్చిన మార్గమని యెఱిగినవారు తక్కువ. అదియే బకింగ్‌హాం కాలువ.

దీనిని మొదట త్రవ్వించినవాడు బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు. 1806 నాటికి ఇది చెన్నపట్టణమునుండి ఎన్నూరు వఱకు సిద్ధమయ్యెను. తరువాత పులికాటు సరస్సు మీదుగా నెల్లూరు తీరము వెంట అంచెలంచెలుగా పెరిగి పెదగంజాము చేరెను. అచ్చట కొమ్మమూరు కాలువతో కలియుటచే కృష్ణా డెల్టాకును చెన్నపట్టణమునకును జలమార్గ మేర్పడెను. దక్షిణమున ఇది మరక్కాణము వఱకు పోవును. మొత్తము నిడివి సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 కిలోమీటర్లు ఆంధ్రదేశముననే యున్నవి.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన క్షామమును మన పెద్దలు ధాత కఱవని చెప్పుకొందురు. అప్పుడు ప్రభుత్వమువారు ఆకలిగొన్న జనులకు పని కల్పించి, నగరములోని కూవము నదిని అడయారు నదితో కలుపు భాగమును త్రవ్వించిరి. నాటి గవర్నరగు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు నిలిచినది. ఎండకు మాడి మన్ను మోసిన వారి పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

పడవ ప్రయాణ మెట్లు సాగెడిదో వినదగినది. గాలి అనుకూలమైనచో తెరచాప నెత్తుదురు; లేనిచో గెడవేయుదురు; లేదా పడవకు త్రాడు కట్టి గట్టుమీద నడచుచు లాగుదురు. నీటిమట్టము మాఱుచోట్ల లాకు లుండెడివి. పడవ రెండు తలుపుల నడుమ ప్రవేశించిన పిదప వెనుక తలుపు మూసి, ముందున్న నీటిమట్టమునకు సమమగువఱకు నీటిని నింపుటయో వదలుటయో చేసి, ముందు తలుపు తెఱచెడివారు. నీరే బరువును మోయును గనుక కొద్దిమంది మనుష్యులే అనేక బండ్ల సరకును చౌకగా కొనిపోగలిగిరి. ధాన్యము, ఉప్పు, కట్టెలు ఈ విధముగనే నగరమునకు వచ్చెడివి.

రైళ్లును లారీలును ప్రబలిన కొలది పడవలు తగ్గెను. 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను మిక్కిలి చెఱచెను. నగరములోని మురుగు దానిలో చేరెను. పిమ్మట కాలువ వెంబడి ఎత్తయిన వంతెనపై రైలుమార్గము నిర్మింపబడినది. అది 1995లో బీచి స్టేషనునుండి చేపాకమునకును, 1997లో మైలాపూరునకును, 2007లో వేళచ్చేరికిని సాగెను. ఇది నగరవాసులకు గొప్ప మేలే. కాని దాని స్తంభములు కాలువ గర్భమున నిలుచుటచే నీటిదారి ఇఱుకైనది.

ఈ యిఱుకు వలన నష్టమేమి యని యడుగవచ్చును. ఈ కాలువ కోసస్థలి, కూవము, అడయారు నదులను కలుపుచున్నది గనుక వర్షకాలమున నీటిని సముద్రమువైపు మరలించుటకు సాయపడును. నీటిదారులు పూడినచో నగరమున కేమగునో 2015 డిసెంబరు వరదలలో జనులు కన్నులార చూచిరి. మఱియు 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు, తీరమున పెక్కుచోట్ల ఎగసిపడిన నీరు ఈ కాలువలో నిండుటచే దాని వేగము తగ్గి అనేకులు బ్రతికిరి. 2008లో ఈ కాలువ నాలుగవ జాతీయ జలమార్గమున చేర్చబడినది.

కావున పాతబడినదెల్ల పనికిమాలినది కాదు. సరకులు మోయుట మానినను ఈ కాలువ నగరమును కాచుట మానలేదు. దానిలో చెత్త వేయకుండుట, గట్టుల నాక్రమింపకుండుట, పూడిక తీయించుట పౌరులకును పాలకులకును కూడ విధి. విద్యార్థులారా! మీ యూరి కాలువయు, చెఱువును ఎవరు త్రవ్విరో, ఏమి మేలు చేయుచున్నవో పెద్దల నడిగి తెలిసికొనుడు. తెలిసినవాడే వానిని కాపాడగలడు.