దారి వెడల్పయింది, బస్సు ఆగిపోయింది

ఢిల్లీలో ప్రభుత్వాలు మారినా, పార్టీలు మారినా మారని వాగ్దానం ఒకటున్నది. రద్దీగా వున్న రోడ్లను వెడల్పు చేయిస్తామన్నదే అది. నీళ్ల గురించి, కరెంటు గురించి, పొగ గురించి పార్టీలు పరస్పరం దుమ్మెత్తి పోసుకుంటాయి గాని, యీ ఒక్క విషయంలో కాంగ్రెసుకూ, భారతీయ జనతాకూ, ఆమ్ ఆద్మీకీ మధ్య అభిప్రాయభేదం కనిపించదు. రోడ్డు వెడల్పు కావటం ఎవరికి మాత్రం చేదు? అయితే ఆ వెడల్పు ఎవరి వాటా నుంచి వచ్చింది, ఎవరి ఖాతాలోకి పోయింది అన్న ప్రశ్న యే ఎన్నికల ప్రణాళికలోనూ కనిపించదు. ఆ ప్రశ్నకు జవాబు వెతికేవారికి దక్షిణ ఢిల్లీలోని ఒక రోడ్డు కథ చాలును. దాని పొడవు 5.8 కిలోమీటర్లు.

అంబేద్కర్ నగర్ నుంచి చిరాగ్ దిల్లీ మీదుగా మూల్‌చంద్ కూడలి దాకా సాగే ఆ రోడ్డులో అధిక భాగానికి యుగోస్లావియా నాయకుడు టిటో పేరున్నది. అలీనోద్యమం మంచి ఊపు మీద వున్న రోజుల జ్ఞాపకం అది. దక్షిణపు కొసన దక్షిణ్‌పురి, మదన్‌గీర్, ఖాన్‌పూర్, వాటి అవతల సంగం విహార్ వున్నాయి. ఉత్తరానికి పోయేకొద్దీ పంచశీల్, గ్రేటర్ కైలాష్, డిఫెన్స్ కాలనీ వస్తాయి. ఈ రెండు కొసల మధ్య తేడా ఏమిటో ఢిల్లీ తెలిసినవారికి చెప్పనక్కర లేదు. తెలియనివారి కోసం ఒక్క మాట: దక్షిణ్‌పురి తనంతట తాను పెరిగిన పేట కాదు. అత్యవసర పరిస్థితి కాలంలో నగరం లోపలి మురికివాడల నుంచి లేవదీసిన కుటుంబాలను తెచ్చి దింపిన పునరావాస కాలనీలలో అదొకటి. 1975-77 మధ్య రాజధానిలో సుమారు లక్షన్నర కట్టడాలు కూల్చివేతకు గురైనట్లు షా కమిషన్ లెక్క తేల్చింది. నగరం అందంగా వుండాలన్నారు, రోడ్లు విశాలంగా వుండాలన్నారు. అందుకు అడ్డమైన వారిని పది, పదిహేను కిలోమీటర్ల దూరానికి పంపివేశారు. ఇళ్లు దూరమయ్యాయి గాని పనులు దూరం కాలేదు. ఇంటి పనికి పోయే ఆడవాళ్లు, కాపలాదార్లు, తాపీ పనివాళ్లు, దుకాణాల గుమాస్తాలు మళ్లీ ఉత్తరానికే పోవాలి. వారికి వున్న సాధనం బస్సు, లేకపోతే సైకిలు.

ఆ రోడ్డు మీద 2008 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రభుత్వం ఒక ప్రయోగం చేసింది. అప్పటి ముఖ్యమంత్రి షీలా దీక్షిత్. ఐ.ఐ.టి. ఢిల్లీకి చెందిన రవాణా పరిశోధకులు రూపొందించిన పథకం అది. రోడ్డు నడిమధ్య రెండు వరుసలను బస్సులకు ప్రత్యేకించారు. వాటికి అటూ యిటూ మోటారు వాహనాలకు, అంచున సైకిళ్లకు, ఆ పక్కన పాదచారులకు దారులు వేరుచేశారు. బి.ఆర్.టి. అనే పొడి అక్షరాలతో అది ప్రసిద్ధి పొందింది, అపఖ్యాతి కూడ పొందింది. కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానంలో, రోడ్డు జాగాను వాహనాలకు గాక మనుషులకు పంచాలని స్పష్టంగానే వ్రాసి వున్నది. విధాన పత్రాలలో ఇటువంటి మంచి మాటలు చాల వుంటాయి. ఒక మంచి మాటను నిజంగా రోడ్డు మీద గీసి చూపటం మాత్రం అరుదు.

గీసిన మర్నాటి నుంచే గొడవ మొదలయింది. కార్లకు అంతకు ముందున్న జాగా తగ్గింది. చిరాగ్ దిల్లీ కూడలి వద్ద వాహనాలు బారులు తీరాయి. పక్కన ఖాళీగా కనిపిస్తున్న బస్సు దారిని చూసి కార్లలోని వారికి ఒళ్లు మండిపోయింది. టెలివిజన్ కెమెరాలు ఆ బారులను రోజుల తరబడి చూపాయి. ఆ కెమెరాలు బస్సులోకి ఎక్కి చూసిన సందర్భాలు మాత్రం తక్కువ. ఢిల్లీలో మా వృత్తి వారిలో కార్లున్నవారే అధికం కనుక, ఇందులో పెద్ద కుట్ర ఏమీ వెతకనవసరం లేదు. ఎవరి కష్టం వారికి వార్తగా తోస్తుంది.

నేను ఆ రోజుల్లో అంబేద్కర్ నగర్ డిపో దగ్గర బస్సెక్కి మూల్‌చంద్ దాకా పలుమార్లు ప్రయాణం చేశాను. బస్సు వేగంగా పోయేదన్నది నిజం. పథకంలో లోపాలు వుండినవన్నదీ అంతే నిజం. నడిరోడ్డున వున్న స్టాపును చేరటానికి ప్రయాణికుడు కార్ల వరుసలను దాటి పోవాలి. సిగ్నళ్లు మారటానికి పట్టే సమయం కార్లవారికే గాక, నిలబడి వున్న పాదచారికి కూడ విసుగు పుట్టించేది. ఒక బస్సు చెడిపోతే వెనక వున్నవన్నీ ఆగిపోవలసిందే. జెండాలు పట్టుకున్న మార్షల్సు ఎంత అరిచినా మోటారు సైకిళ్లు బస్సు దారిలోకీ, సైకిళ్ల దారిలోకీ చొరబడేవి. అన్నిటినీ మించిన లోపం మరొకటి: ఢిల్లీ గేటు దాకా 14.5 కిలోమీటర్లు వేయవలసిన దారిని 5.8 కిలోమీటర్ల దగ్గర నిలిపివేశారు. మూల్‌చంద్ దాటగానే బస్సు మళ్లీ మామూలు రద్దీలో పడి, అంతదాకా సంపాదించిన నిమిషాలను అక్కడ పోగొట్టుకునేది. సగం కట్టిన వంతెన మీద నుంచి ఎవరూ నది దాటలేకపోతున్నారు కనుక వంతెనలే దండగ అని వాదించినట్లుగా, ఆ అయిదింట రెండు వంతుల దారిని చూపి పథకమంతా విఫలమని తీర్మానించారు.

లెక్క వేసి చూస్తే సంగతి తేలికగానే అర్థమవుతుంది. ఒక వరుసలో నాలుగు సెకండ్లకు ఒక కారు కదిలిందనుకున్నా గంటకు 900 కార్లు. కారుకు సగటున ఒకరిన్నర చొప్పున 1,350 మంది. అదే వరుసలో నిమిషానికి ఒక బస్సు, బస్సులో 50 మంది చొప్పున 3,000 మంది. పైగా బస్సుకూ బస్సుకూ మధ్య దారి ఖాళీగా కనిపిస్తుంది. చూసేవారికి కోపం తెప్పించేది ఆ ఖాళీయే. ఎక్కువ మందిని మోసే దారి ఖాళీగా, తక్కువ మందిని మోసే దారి కిక్కిరిసి కనిపించటం రవాణా శాస్త్రంలోని వింత. రాజకీయంలో మాత్రం కంటికి కనిపించినదే చెల్లుతుంది.

వివాదం ఢిల్లీ హైకోర్టుకు పోయింది. బస్సు దారిని రద్దుచేసి అన్ని వాహనాలకూ తెరవాలని పిటిషనర్ల కోరిక. కోర్టు ఆదేశం మీద కేంద్ర రోడ్డు పరిశోధనా సంస్థ పరిశీలన జరిపి, బస్సు దారి లేకపోవటమే మేలన్న అభిప్రాయం ఇచ్చింది. అయినా 2012 అక్టోబరులో హైకోర్టు ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఎన్ని వాహనాలు పోతున్నాయన్నది కాదు, ఎంత మంది పోతున్నారన్నది చూడాలన్నది ఆ తీర్పులోని సారాంశం. 2008 ఎన్నికల్లో షీలా దీక్షిత్ మూడోసారి గెలవటానికి ఈ దారి అడ్డు రాలేదన్నది కూడ గుర్తుంచుకోదగిన విషయం. అంటే ఓటర్ల దగ్గర ఓడని పథకం, కోర్టులో ఓడని పథకం చివరకు మంత్రివర్గ సమావేశంలో ఓడిపోయింది.

సామాన్యుడి పేరే పార్టీ పేరుగా పెట్టుకున్న ప్రభుత్వం 2015 జూలైలో దానిని తొలగించాలని నిర్ణయించింది. 2016 ఆరంభంలో కూల్చివేత మొదలయింది. అదే జనవరిలో, 1 నుంచి 15 వరకు, గాలి కాలుష్యాన్ని తగ్గించటానికి సరి సంఖ్య కార్లు ఒక రోజు, బేసి సంఖ్య కార్లు మరొక రోజు నడవాలని అదే ప్రభుత్వం శాసించింది. సగం కార్లను ఇంటి దగ్గర వుంచి బస్సులో రమ్మని చెప్పిన చేతితోనే, బస్సు దారిని పెకలించి కార్లకు అప్పగించిన దృశ్యం రాజధానివాసులు చూశారు. ఈ రెండింటి మధ్య వైరుధ్యం వున్నదని శాసనసభలో గట్టిగా నిలదీయటానికి ప్రతిపక్షానికీ మనసు రాలేదు. ఆ దారిని తొలగించాలన్నది వారి కోరిక కూడ కదా.

రోడ్డు వెడల్పయింది. మొదట కొంతకాలం కార్లు సాఫీగా పోయాయి. తరువాత చిరాగ్ దిల్లీ కూడలిలో పాత బారులు మళ్లీ కనిపించాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1962లోనే ఈ సంగతి చెప్పాడు: రద్దీ వేళ ఖాళీ అయిన రోడ్డు, అంతదాకా వేరే దారిన, వేరే వేళ, వేరే వాహనంలో పోయేవారిని తనవైపు లాగుకుని మళ్లీ నిండుతుంది. ఢిల్లీలో రిజిస్టరైన వాహనాల సంఖ్య 2017లో కోటి దాటింది. ఏ కొలతకు వెడల్పు చేస్తే కోటి వాహనాలు పడతాయి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీ కుటుంబాలలో కారున్నవి దాదాపు అయిదింట ఒక వంతు. మిగిలిన నాలుగు వంతుల వారి జాగా ఎక్కడున్నదన్న ప్రశ్న సంఖ్యల చాటున మరుగుపడుతున్నది.

బస్సుల విషయం మరీ విచారకరం. ఢిల్లీలో బస్సుల సంఖ్యను 2001 ఏప్రిల్ 1 నాటికి పదివేలకు పెంచాలని సుప్రీంకోర్టు 1998లో ఆదేశించింది. పావు శతాబ్దం గడిచిన తరువాత, 2024లో లెక్కచూస్తే బస్సులు ఎనిమిది వేలకు లోపే. ఈలోగా జనాభా ఎంత పెరిగిందో పాఠకులే వూహించవచ్చు.

ఢిల్లీ చూపిన బాటలో ఇతర నగరాలు నడిచాయి. భోపాల్‌లో బస్సు దారిని తొలగించాలని మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2023 డిసెంబరులో నిర్ణయించింది. ఇందోర్‌లో 11 కిలోమీటర్లకు పైగా నడిచిన దారిని తీసివేయటానికి 2025 ఫిబ్రవరిలో హైకోర్టు అనుమతి ఇచ్చింది. ఇందోర్ బస్సులో జనం కిటకిటలాడేవారన్నది ఆ వాదోపవాదాలలో పెద్దగా లెక్కకు రాలేదు. 2009లో మొదలైన అహమ్మదాబాదు దారి మాత్రం నిలిచింది. సరిహద్దు అవతల లాహోర్‌లో 2013 ఫిబ్రవరిలో 27 కిలోమీటర్ల బస్సు దారి ప్రారంభమయింది. పెషావర్‌లో ఎన్నో జాప్యాల తరువాత 2020 ఆగస్టులో మరొకటి ప్రారంభమయింది. పాకిస్తాన్ ప్రభుత్వాల అప్పుల గురించి, అస్థిరత గురించి మనం చెప్పుకోవటానికి కొదవ లేదు. కాని ఈ ఒక్క విషయంలో ఒక ప్రభుత్వం కట్టినదానిని తరువాతి ప్రభుత్వం కూల్చకుండా నడుపుకుంటున్నది. ఆ దారులు సగంలో నిలిచిపోకుండా ఒక కొస నుంచి మరో కొస దాకా వుండటమూ అందుకు ఒక కారణం కావచ్చు.

తెలుగు పాఠకులకు ఇది దూరపు ముచ్చటగా తోచనక్కర లేదు. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద విశాఖపట్నంలోనూ, విజయవాడలోనూ బస్సుల పేరు చెప్పి రోడ్లు వెడల్పు చేశారు. ఆ రోడ్లను జనం ఈనాటికీ బి.ఆర్.టి.ఎస్. రోడ్లనే పిలుస్తున్నారు. బస్సు పేరు రోడ్డుకు మిగిలింది గాని, రోడ్డు మీద బస్సుకు ఆ హక్కు మిగలలేదు. ఇక స్త్రీలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం ఢిల్లీలో 2019 అక్టోబరులో, తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలయింది. మంచి పథకమే, ఇంటిపనికి పోయే ఆడమనిషికి నెలకు కొన్ని వందల రూపాయలు మిగిల్చే పథకం. దక్షిణ్‌పురి నుంచి వచ్చే ఒక ఇల్లాలు నాతో అన్న మాట మాత్రం యీ మూడు ప్రభుత్వాలూ వినదగినది. టిక్కెట్టు డబ్బు మిగులుతున్నది గాని, వేళకు చేరకపోతే యజమానురాలు ఒక పూట కూలి కోస్తున్నదన్నది ఆమె ఫిర్యాదు. ఓట్లు తెచ్చే రాయితీ ఇవ్వటానికి ముందుకు వచ్చిన ప్రభుత్వాలు, బస్సుకు రోడ్డు మీద ఒక వరుస ఇవ్వటానికి మాత్రం వెనకాడుతున్నాయి. రాయితీకి ఖజానా సొమ్ము చాలు. వరుస ఇవ్వాలంటే కార్లున్నవారి దగ్గర నుంచి కొంత తీసుకోవాలి.

తీసుకోవటం అసాధ్యమేమీ కాదని పాత ఢిల్లీ నిరూపించింది. ఎర్రకోట ఎదుట నుంచి ఫతేపురి మసీదు దాకా వున్న చాందినీ చౌక్‌లో పగలు తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు వాహనాలను నిషేధించి, 2021 సెప్టెంబరులో ఆ వీధిని ప్రారంభించారు. వర్తకులు అభ్యంతరం చెప్పారు, నియమాలు తరచు ఉల్లంఘనకు గురవుతూనే వున్నాయి. అయినా నడిచేవాడికి అక్కడ నడవటానికి జాగా దొరికింది.

టిటో రోడ్డును పెకలించిన ప్రభుత్వానికే ఆరేళ్ల తరువాత బస్సు దారి మళ్లీ గుర్తుకు వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ముఖ్యమైన రోడ్ల ఎడమ అంచున ఒక వరుసను బస్సులకూ, సరకు వాహనాలకూ కేటాయిస్తున్నట్లు ప్రకటించింది. ఈసారి గట్టు కట్టలేదు, రంగుతో గీతలు గీశారు. ఆ వరుసలో కార్లు నిలిపి వుంటాయి, ఆటోలు ఆగి వుంటాయి. వాటిని తప్పించుకోవటానికి బస్సు గీత దాటి బయటికి రావలసి వస్తుంది. గీత దాటిన బస్సు డ్రైవరుకు మొదటి తప్పుకు పదివేల రూపాయల జరిమానా విధించాలని ఉత్తర్వులో వ్రాశారు.