శని వలయాలు - వికిరణ మేఖలలు

తెలుగువారు శని అని పిలిచే గ్రహాన్నే ఉర్దూలో జుహల్ అంటారు. పేర్లు వేరైనా, ఆ గ్రహం అశుభకారి అన్న భయం రెండు భాషలవారిలోనూ చిరకాలంగా ఉన్నది. ఈ భయానికి విజ్ఞానశాస్త్రంలో తావు లేదు. అయితే మహాగ్రహాల సమీపానికి వెళ్లే అంతరిక్ష నౌక నిజంగా భయపడవలసినది ఒకటి కలదు. అదే వికిరణ మేఖల. ఈ విషయంలో శని, బృహస్పతి కంటె ఎంతో సౌమ్యమైనది. అందుకు ముఖ్యకారణం శని వలయాలూ, ఉపగ్రహాలూ. అవి ఏ విధంగా ఈ పని చేస్తున్నవో పరిశీలిద్దాం.

అయస్కాంత క్షేత్రం గల గ్రహం విద్యుదావేశం గల కణాలను వలలో చేపలవలె బంధిస్తుంది. బంధింపబడిన ప్రోటానుకు, ఎలక్ట్రానుకు మూడు చలనాలుంటాయి. అది అయస్కాంత బలరేఖ చుట్టూ సుడి తిరుగుతుంది. ఆ రేఖ వెంట ఉత్తర దక్షిణాలకు ఊయలవలె ఊగుతుంది. క్రమంగా గ్రహం చుట్టూ జరుగుతుంది. ఇట్టి కణాల సముదాయమే వికిరణ మేఖల. భూమి చుట్టూ గల మేఖలలను 1958లో వాన్ అలెన్ కనుగొన్నాడు. బృహస్పతి మేఖలల తీవ్రతను 1973 డిసెంబరులో పయొనీర్-10 నౌక దగ్గరగా కొలిచినది. 2016లో అక్కడికి చేరిన జూనో నౌకలో, సున్నితమైన ఎలక్ట్రానిక్ పరికరాలను టైటానియం పెట్టెలో భద్రపరచవలసి వచ్చినదంటే ఆ తీవ్రతను ఊహించుకోవచ్చును.

ఇక శని సంగతి. ఊగే ప్రతి కణమూ ఒక్కొక్క ఊపులో మధ్యరేఖాతలాన్ని దాటి తీరాలి. వలయాలు ఉన్నది సరిగ్గా ఆ తలంలోనే. అసంఖ్యాకమైన మంచుగడ్డలతో నిండిన వలయం గుండా దూరిన కణం తన శక్తిని కోల్పోయి, చివరకు అందులోనే లీనమైపోతుంది. 1979 సెప్టెంబరు 1న పయొనీర్-11 నౌక 'ఏ' వలయపు బయటి అంచును దాటి లోపలికి ప్రవేశించగానే, మేఖలలోని కణాల సంఖ్య కత్తితో కోసినట్లు పడిపోయినది.

ఉపగ్రహాలు చేసే పని కూడా ఇట్టిదే. శని అయస్కాంత అక్షానికీ, భ్రమణాక్షానికీ మధ్య కోణం డిగ్రీలో నూరవ వంతు కూడా లేదు. బృహస్పతికి ఆ కోణం సుమారు 10 డిగ్రీలు. కావున శని సమీప ఉపగ్రహాలు సదా అయస్కాంత మధ్యరేఖ దగ్గరనే తిరుగుతూ, తమ దారిలోని కణాలను ఊడ్చివేస్తాయి. జానస్, ఎపిమీథియస్, మిమాస్, ఎన్సెలడస్, టెథిస్ కక్ష్యల వద్ద ప్రోటాన్ మేఖలలో ఖాళీలు ఏర్పడినవి. పొలాన్ని గట్లు మడులుగా విడదీసినట్లు, ఈ కక్ష్యలు మేఖలను విడదీస్తున్నవి. కాసిని నౌక పరిశీలించినపుడు, సౌర తుఫానుల వెనుక డయోనీ కక్ష్య ప్రాంతంలో తాత్కాలికంగా ఒక క్రొత్త మేఖల పుట్టినది. అది టెథిస్ గట్టును దాటి లోపలికి రాలేకపోయినది.

బయటినుండి కణాలు రాలేనప్పుడు, లోపలి మడులలో ప్రోటానులు ఎక్కడివి? ఈ ప్రశ్నకు సమాధానం విచిత్రమైనది. సుదూర విశ్వం నుండి వచ్చే కాస్మిక్ కిరణాలు వలయాలనూ, శని వాతావరణాన్నీ ఢీకొన్నపుడు న్యూట్రానులు వెలువడుతాయి. న్యూట్రానుకు విద్యుదావేశం లేదు గనుక అయస్కాంత క్షేత్రం దానిని ఆపలేదు. గట్లు దానికి అడ్డు కావు. విడిగా ఉన్న న్యూట్రాను సగటున సుమారు 15 నిమిషాలకు విచ్ఛిన్నమై ప్రోటానును పుట్టిస్తుంది. ఆ ప్రోటాను పుట్టినచోటనే వలలో చిక్కుతుంది. అనగా, కణాలను హరించే వలయాలే కణాల జన్మకూ కారణమగుచున్నవి.

ఈ సిద్ధాంతానికి గట్టి పరీక్ష 2017లో జరిగినది. 2004 నుండి శనిని పరిభ్రమించిన కాసిని, ఇంధనం తరుగుతున్న దశలో, ఏప్రిల్ నుండి వలయాలకూ గ్రహానికీ నడుమ గల సన్నని సందులో 22 సార్లు తిరిగినది. బయటి మేఖలలకూ ఆ సందుకూ మధ్య ప్రధాన వలయాలు సుమారు 62,000 కిలోమీటర్ల వెడల్పున అడ్డుగోడగా నిలిచి ఉన్నవి. ఆ గోడను దాటి బయటి ప్రోటానులు రావడం అసాధ్యం. అయినా కాసిని అక్కడ ఒక ప్రోటాన్ మేఖలను కనుగొన్నది. న్యూట్రానుల విచ్ఛేదం వల్లనే అది పుట్టినదని నిశ్చయమైనది. సెప్టెంబరు 15న కాసిని శని వాతావరణంలో ప్రవేశించి భస్మమైనది.

విద్యార్థులు ఇందులో గమనించదగిన విషయం ఒకటున్నది. పయొనీర్-11 ప్రయాణంలో ఒకచోట కొద్ది క్షణాలు కణాలు మాయమైనవి. పరికరం చెడినదని శాస్త్రజ్ఞులు ఆ లోపాన్ని కొట్టివేయలేదు. కణాలను మింగిన ఉపగ్రహమొకటి సమీపంలో ఉండాలని తర్కించారు. అది జానస్, ఎపిమీథియస్ జంటలో ఒకటని తరువాత తేలినది. ప్రయోగశాలలో అంకె పడిపోయినపుడు దానిని చెరిపి, పుస్తకంలోని విలువను వ్రాసుకొనే అలవాటు మనలో చాలమందికి కలదు. చెరపడానికి ముందు ఒక్క క్షణం ఆగి, ఆ అంకె ఎందుకు పడిపోయినదని ప్రశ్నించుకొనడం అలవరచుకొనుట మేలు.