మన చెరువు రొయ్య అమెరికా ప్లేటులోకి వెళ్లేలోపు ఏం జరుగుతుంది?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, సప్లై చైన్ అంటే అమెజాన్ గోడౌనేనా?" అని. కాదు. ఇవాళ గోడౌన్ జోలికి వెళ్లను. భీమవరం పక్కన మా బాబాయి చెరువు గట్టు మీద నుంచి మొదలుపెడతా. ఎందుకంటే 2025 ఆగస్టులో ఆ గట్టు మీద కూర్చునే నాకు ఈ సబ్జెక్ట్ అర్థమైంది. అంతకుముందు మూడేళ్లు లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేశా. మీ ఫోన్లో "యువర్ షిప్‌మెంట్ ఈజ్ ఆన్ ది వే" అని కనిపించే స్క్రీన్లు రాసింది నాలాంటి వాళ్లే. రాశాం గానీ, ఆ వెనకాల ఏం కదులుతుందో చూసింది లేదు.

ముందు రొయ్య కథ చెప్తా. మన దగ్గర ఇప్పుడు పెంచేది ఎక్కువగా వనామి. 2009లో దీనికి ఇండియాలో పర్మిషన్ వచ్చింది, ఆ తర్వాత గోదావరి జిల్లాల రూపురేఖలే మారిపోయాయి. హేచరీ నుంచి సీడ్ తెచ్చి చెరువులో వేస్తారు. మేత, ఏరియేటర్లు, కరెంటు పోతే డీజిల్ జనరేటర్. మూడు నుంచి నాలుగు నెలల్లో పట్టుబడి. రేటు కౌంట్ మీద ఉంటుంది. కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. 100 కౌంట్ అంటే చిన్నవి, 30 కౌంట్ అంటే పెద్దవి. అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ఇది ఊరి వాళ్లకి చెప్పక్కర్లేదు, సిటీ వాళ్ల కోసం చెప్తున్నా.

పట్టిన రొయ్యని వెంటనే ఐస్‌లో వేసి ట్రేలలో లారీ ఎక్కించాలి. గంటల లెక్క అది, రోజుల లెక్క కాదు. ప్లాంట్‌లో తల తీసి, పొట్టు తీసి, నరం తీసి ఫ్రీజ్ చేస్తారు. పీలింగ్ టేబుళ్ల దగ్గర నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. అక్కడి నుంచి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచే రీఫర్ కంటైనర్. రీఫర్ అంటే ప్లగ్ పెట్టిన పెద్ద ఫ్రిజ్ అనుకోండి. లారీ మీద, పోర్టు యార్డులో, ఓడ మీద, ఎక్కడా ఆ ప్లగ్ ఊడకూడదు. ఒక ఓడలో ఎన్ని ప్లగ్ పాయింట్లు ఉంటే అన్నే రీఫర్లు. మిగతా ఓడంతా ఖాళీగా ఉన్నా సరే, ప్లగ్ లేకపోతే మన రొయ్యకి సీటు లేనట్టే.

విశాఖ నుంచి న్యూయార్క్‌కి డైరెక్ట్ ఫ్లైట్ లేనట్టే, చాలాసార్లు డైరెక్ట్ ఓడ కూడా ఉండదు. చిన్న ఫీడర్ ఓడలో కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి, అక్కడ పెద్ద మదర్ వెసెల్ ఎక్కాలి. దీన్నే ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు. మన దేశపు ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకులో దాదాపు 75 శాతం విదేశీ పోర్టుల్లోనే చేతులు మారేదని మన ప్రభుత్వమే చెప్పింది. కేరళలో విళింజం పోర్టు కట్టింది అందుకే. 2024 జూలైలో అక్కడికి మొదటి మదర్ షిప్ వచ్చింది, 2025 మే 2న అఫీషియల్‌గా ఓపెన్ చేశారు. మంచిదే. కాకపోతే తూర్పు తీరంలో ఉన్న మనకి అది కూడా ఫీడర్ దూరమే.

పెద్ద ఓడ ఎక్కాక అమెరికా తూర్పు తీరానికి షార్ట్‌కట్ సూయజ్ కాలువ. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఆరు రోజులు అడ్డం పడింది చూడండి, ఆ కాలువ. మీమ్స్ అందరం పంచుకున్నాం. అసలు దెబ్బ తర్వాత పడింది. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో హూతీల దాడులు మొదలయ్యాయి. కంపెనీలు ఓడల్ని ఆఫ్రికా చుట్టూ, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా తిప్పాయి. 10 నుంచి 14 రోజులు అదనం. అంటే ఇంధనం ఖర్చొక్కటే కాదు, కంటైనర్ తిరిగి రావడానికి కూడా అంత లేటు. అవే కంటైనర్లు, ట్రిప్పులు మాత్రం తక్కువ. మనలో కోడ్ రాసేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, సర్వర్లు తగ్గలేదు, లేటెన్సీ పెరిగింది, అందుకే క్యూ పెరిగింది.

ఇప్పటిదాకా చెప్పింది రోడ్డు, ఓడ. ఇక ఆగస్టుకి వద్దాం.

2025 ఆగస్టు 7 నుంచి ఇండియా సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. ఆగస్టు 6న ఇంకో ఆర్డర్ మీద సంతకం, 27 నుంచి మరో 25 శాతం. అప్పుడు మొత్తం 50 అయింది. రొయ్య మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీలు వేరే. అదే టైంలో ఈక్వెడార్‌కి 15 శాతం. ప్రపంచంలో రొయ్యల ఎగుమతిలో నంబర్ వన్ వాళ్లే, పైగా అమెరికాకి దగ్గర.

"సుంకం కట్టేది అమెరికా వాళ్లు కదా, మనకేంటి?" అని మా ఫ్రెండ్ ఒకడు వాదించాడు. కాగితం మీద వాడు కరెక్టే, కట్టాల్సింది ఇంపోర్టర్. కానీ రొయ్యల్లో డీడీపీ కాంట్రాక్టులు ఎక్కువ. డెలివర్డ్ డ్యూటీ పెయిడ్. అంటే డ్యూటీతో కలిపే రేటు మాట్లాడుకుని అమ్మేశారు, డ్యూటీ పెరిగితే భరించాల్సింది ఎగుమతిదారు. ఆయనెక్కడ తగ్గించుకుంటాడు? ప్లాంట్ గేటు దగ్గర, కౌంట్ రేట్లో.

ఇంకో మెలిక చూడండి. ఆ ఆర్డర్లో ఒక మినహాయింపు ఉంది. ఆగస్టు 27 కంటే ముందు ఓడ ఎక్కి, సెప్టెంబర్ 17 కంటే ముందు అక్కడ క్లియర్ అయిన సరుకుకి ఆ రెండో 25 శాతం పడదు. టీవీలో విని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లెక్క వేయండి. ఆగస్టు 26న ఎక్కించిన కంటైనర్‌కి ఉన్నది 22 రోజులు. మన ఓడ కొలంబోలో ఆగి, ఆఫ్రికా చుట్టి వెళ్లేసరికి నెల దాటిపోతుంది. అంటే కాగితం మీద డెడ్‌లైన్ 27, నిజమైన డెడ్‌లైన్ ఆగస్టు మొదట్లోనే అయిపోయింది. సంతకం ఆరేటప్పటికే దాదాపు గేటు మూసేశారన్నమాట.

ఆ రోజు బాబాయి చెరువులో పంట వయసు 70 రోజులు. 80 కౌంట్. ఇంకో నెల ఉంచితే 50 లోపు దిగుతుంది, మామూలుగా అయితే డబ్బులన్నీ ఆ నెలలోనే. కానీ చుట్టుపక్కల అందరూ "ఇప్పుడే పట్టేద్దాం" అని దిగారు. అందరూ ఒకేసారి పడితే ఏమవుతుంది? ప్లాంట్ ఫ్రీజింగ్ కెపాసిటీ రోజుకి ఇంత అని ఉంటుంది. ఐస్ దొరకదు, లారీ దొరకదు, గేటు దగ్గర లైను. రేటు ఇంకా పడిపోతుంది. సుంకం వల్ల పడింది కొంత, భయం వల్ల పడింది కొంత. నా లెక్క ప్రకారం రెండోదేం తక్కువ కాదు.

"ఏరా, నువ్వు ఈ కంప్యూటర్ల పనే చేశావు కదా, పట్టమంటావా, ఉంచమంటావా?" అన్నాడు బాబాయి. నా దగ్గర జవాబు లేదు. ఉంచితే రోజూ మేత, కరెంటు, దానికి తోడు తెల్లమచ్చ వస్తే మొత్తం పోతుంది. పడితే లీజు డబ్బులు కూడా రావు. చివరికి ఆయనే తేల్చాడు. సగం పట్టాడు, సగం ఉంచాడు. చెరువులో సాంద్రత తగ్గితే మిగిలినవి బాగా ఎదుగుతాయని. ఆ రాత్రంతా గట్టు మీద లైట్లు, నీళ్లలో వలలు, పిన్ని టీ ఫ్లాస్కుతో అటూ ఇటూ. సెప్టెంబర్ ఆఖర్లో మిగతావి 48 కౌంట్‌కి పట్టారు. రేటు అనుకున్నంత రాలేదు గానీ లీజు గట్టెక్కింది.

కామెంట్లలో ఇంకో మాట వస్తుంది, నాకు తెలుసు: "అమెరికా కాకపోతే యూరప్‌కి అమ్మండి, చైనాకి అమ్మండి." అమ్ముతున్నారు కూడా. కానీ యాప్‌లో అడ్రస్ మార్చినట్టు కాదు ఇది. అమెరికా వాళ్లు పొట్టు తీసి, నరం తీసి రెడీగా ఉన్నది అడుగుతారు. చైనాకి ఎక్కువగా తలతో సహా కావాలి. అప్పుడు పీలింగ్ టేబుల్ దగ్గరున్న వాళ్లకి పనేంటి? యూరప్‌కి అయితే యాంటీబయాటిక్ టెస్టుల గొడవ. 2016 నుంచి మన చెరువుల సరుకులో 50 శాతం కన్‌సైన్‌మెంట్లు ఆపి చూసే రూల్ పెట్టారు, అంతకుముందు 10 శాతమే. ప్యాకింగ్ వేరు, లేబుల్ వేరు, కొనేవాడితో నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే నేను దీన్ని మూడు గడియారాలుగా చూస్తా. చెరువుది 100 రోజుల గడియారం. ఓడది 40 రోజులు. ఆర్డర్ మీద సంతకానికి, అది అమలవడానికి మధ్య 21 రోజులు. మూడూ ఒకదానికొకటి కలవవు. సాఫ్ట్‌వేర్ ఎంత బాగా రాసినా, ట్రాకింగ్ చుక్క ఎంత కరెక్టుగా కదిలినా, 70వ రోజున ఉన్న రొయ్యని 20వ రోజుకి వెనక్కి తిప్పలేం.

పోయిన నెల ఊరెళ్లా. రెండు చెరువుల్లో ఒకటి ఎండబెట్టి ఉంది. పక్క రైతులు కూడా సీడ్ తగ్గించారు. ఇలా అందరూ తగ్గిస్తే నాలుగు నెలల తర్వాత ప్లాంట్లకి సరుకు చాలదు, రేటు ఎగురుతుంది. అది చూసి అందరూ మళ్లీ ఒకేసారి సీడ్ వేస్తారు. ఎకనామిక్స్ పుస్తకాల్లో దీన్ని కాబ్‌వెబ్ మోడల్ అంటారు, ఇవాళ్టి రేటు చూసి వేసిన పంట చేతికొచ్చేసరికి రేటు ఇంకోలా ఉండటం. నేను ఇదంతా బాబాయికి బొమ్మ గీసి మరీ చెప్పా. ఆయన విన్నాడు, బీడీ ఆర్పాడు, "అయితే అందరూ మానేసినప్పుడే నేను వెయ్యాలంటావు. మరి పక్కోడు కూడా నీ వీడియో చూస్తే?" అన్నాడు.

రెండో చెరువుకి నీళ్లు పెట్టడం మాత్రం మర్నాడే మొదలుపెట్టాడు. ఆ పంట ఎలా వచ్చిందో పట్టుబడి రోజు గట్టు మీద నుంచే వీడియో పెడతా. ఉంటా ఫ్రెండ్స్.