చాలీచాలని వెలుతురులో

పగలు పన్నెండింటికి పెరట్లో పడే ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. అదే ఇంట్లో రాత్రి లైటు వేసిన ముందుగదిలో కొలిస్తే వందో, నూటయాభయ్యో. అంటే దాదాపు వెయ్యో వంతు. మనకు అంత తేడా తెలియదు. కంటిపాప విచ్చుకుంటుంది, రెటీనా సర్దుకుంటుంది, మిగతాది మెదడు పూరిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్16, సెకనులో వందో వంతు పెట్టి తీసే ఫోటోను అదే షట్టర్ స్పీడుతో ఆ గదిలో తీయాలంటే లెన్సును ఎఫ్2.8 దాకా తెరవాలి, ఐఎస్ఓను 3200కు పెంచాలి. ఇరవై ఏళ్ల కిందటి డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి ఆ అంకే ఉండేది కాదు. ఉన్నవాటిలోనూ నల్లటి జుట్టు నిండా ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు తేలేవి. మన ఫోటోగ్రాఫర్లు దాన్నే ‘గ్రెయిన్స్ వచ్చాయి’ అంటారు.

కెమెరా సెన్సర్ అసలు జీవితకథ ఈ వెయ్యో వంతు వెలుగుతో చేసిన పోరాటమేనని నా నమ్మకం. మెగాపిక్సెళ్ల గొడవంతా దుకాణాల దగ్గరిది.

విచిత్రమేమిటంటే సెన్సర్ పుట్టింది ఫోటోల కోసం కాదు. 1969 అక్టోబరులో, అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కొత్తరకం కంప్యూటర్ మెమరీ గురించి చర్చిస్తూ, గంటసేపట్లో సీసీడీ నమూనాను గీసేశారు. సిలికాన్‌లో వరసగా చిన్నచిన్న గుంటలు. ఒక గుంటలోని విద్యుదావేశాన్ని పక్క గుంటలోకి, అక్కణ్నుంచి ఆ పక్కదాన్లోకి తోసుకుంటూ చివరికి బయటికి తెచ్చి కొలవడం. అంతే. అయితే సిలికాన్ మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు విడివడతాయి. ఏ గుంటలో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగయ్యాయో లెక్కపెడితే, అక్కడ ఎంత వెలుగు పడిందో తెలిసిపోతుంది. దీన్ని చిత్రాలు తీసే పరికరంగా మలిచి పేటెంట్ పొందినవాడు అదే సంస్థలోని మైకేల్ టాంప్సెట్. 2009లో నోబెల్ బహుమతి బాయిల్‌కూ స్మిత్‌కూ వచ్చింది, టాంప్సెట్‌కు రాలేదు. అది న్యాయంగా జరగలేదనే అనుకుంటాను. 2017లో క్వీన్ ఎలిజబెత్ ఇంజనీరింగ్ బహుమతి ఇచ్చినప్పుడు ఆయన పేరు కూడా చేర్చారు.

ఆ సీసీడీని చేత పట్టుకుని తిరిగే కెమెరాలో పెట్టినవాడు కొడాక్‌లో కుర్ర ఇంజనీరు స్టీవెన్ సాసన్. 1975లో రోచెస్టర్‌లో ఆయన తయారుచేసిన పెట్టె మూడున్నర కిలోల పైచిలుకు బరువుండేది. సినిమా కెమెరా నుంచి తీసిన లెన్సు, వందకు వంద చొప్పున పదివేల పిక్సెళ్ల సీసీడీ, ఫోటోను దాచుకోవడానికి మామూలు క్యాసెట్ టేపు. ఒక్క బొమ్మ టేపుకెక్కడానికి 23 సెకన్లు. ల్యాబులో పనిచేసే ఒకమ్మాయిని తీసిన తొలి చిత్రాన్ని టీవీలో చూస్తే జుట్టు నల్లగా, వెనక గోడ తెల్లగా బాగానే వచ్చాయి, ముఖం మాత్రం గజిబిజిగా ఉంది. వైర్లు తారుమారుగా కలిపారని తేలింది. నలుపు నలుపుగానే, తెలుపు తెలుపుగానే నిలిచి, మధ్యలోని ఛాయలన్నీ చెదిరిపోయాయి. వైర్లు మార్చగానే ముఖం కనిపించింది.

ఇక గ్రెయిన్స్ సంగతి. చాలామంది దీన్ని సెన్సర్ లోపమనుకుంటారు. చాలావరకు అది వెలుగు స్వభావం. వాకిట్లో ఒకే కొలత గిన్నెలు వరసగా పెట్టామనుకోండి. జోరువాన గంటసేపు కురిస్తే అన్నిట్లో నీళ్లు ఇంచుమించు సమానంగా ఉంటాయి. నాలుగు చినుకులు రాలి ఆగిపోతే ఒకదాంట్లో ఐదు, పక్కదాంట్లో రెండు, ఇంకోదాంట్లో ఏమీ ఉండవు. ఫోటాన్లు కూడా అంతే, ఒక్కొక్కటీ దాని ఇష్టం వచ్చినట్టు వచ్చి పడుతుంది. తెల్లగోడను ఫోటో తీస్తున్నాం, ఒక్కో పిక్సెల్ సగటున పదివేల ఫోటాన్లను పట్టుకుందనుకుంటే హెచ్చుతగ్గులు వంద మేర ఉంటాయి, అంటే ఒక శాతం. కంటికి ఆనదు. సగటు వందే అయితే హెచ్చుతగ్గులు పది. పది శాతం! ఆ గోడే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. సంఖ్యకు వర్గమూలమెంతో తేడా అంత. దీన్ని తప్పించుకునే సెన్సర్ ఏదీ లేదు. ఐఎస్ఓ పెంచితే వెలుగు పెరగదు, వచ్చిన కాసినింటినీ హెచ్చవేసి చూపిస్తుంది. హెచ్చుతగ్గులు కూడా వాటితోపాటే పెద్దవవుతాయి.

పైగా రంగు కోసం మనం చేతులారా కొంత వెలుగు వదులుకున్నాం. సిలికాన్‌కు రంగులు తెలియవు. కొడాక్‌లోనే బ్రైస్ బేయర్ అనే శాస్త్రవేత్త ప్రతి పిక్సెల్ మీదా ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక్కొక్క వడపోత అద్దం పెట్టే పద్ధతికి 1976లో పేటెంట్ పొందారు. అద్భుతమైన ఉపాయం, ఇప్పటికీ దాదాపు అన్ని కెమెరాల్లో ఉన్నది అదే. కానీ పడిన వెలుగులో సుమారు మూడింట రెండు వంతులు ఆ అద్దాల దగ్గరే ఆగిపోతుంది. పాతకాలపు పసుపు బల్బు కింద అయితే మరీ కష్టం. ఆ వెలుగులో నీలం చాలా తక్కువ. తెలుపును తెలుపుగా చూపించాలని కెమెరా నీలాన్ని మరింత హెచ్చవేస్తుంది, అందుకే మచ్చలు ముందుగా నీలంలోనే బయటపడతాయి.

పట్టుకోగల వెలుగును పారబోసుకోకుండా చూడటమే ఆ తర్వాతి ఇంజనీర్లు పెట్టుకున్న పని. 1980లో జపాన్‌లోని ఎన్ఈసీ సంస్థలో నొబుకాజు తెరానిషి కనిపెట్టిన కొత్త ఫోటోడయోడ్, పోగయిన ఎలక్ట్రాన్లను గుంటలో ఏమీ మిగలకుండా ఖాళీ చేసేది. 1990ల్లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్, అంతరిక్ష నౌకల్లో కెమెరాలు చిన్నవి చేయడానికి, ప్రతి పిక్సెల్‌లోనే ఒక యాంప్లిఫయర్ అమర్చిన సీమాస్ సెన్సర్‌ను అభివృద్ధి చేశారు. తొలినాళ్లలో గ్రెయిన్స్ విషయంలో అది సీసీడీకి సరితూగలేదు. 2000లో వచ్చిన కెనాన్ డీ30లో ఐఎస్ఓ 1600 దాకానే వెళ్లేది. 2007లో నికాన్ డీ3 మామూలుగానే 6400 ఇచ్చింది. పెళ్లిమండపంలో ఫ్లాష్ లేకుండా, మసకలో తాళి ముడి వేసే చేతులను తీయగలిగే రోజు అప్పటికి వచ్చింది.

ఆ తర్వాత సెన్సర్‌నే తిరగేశారు. అప్పటిదాకా పిక్సెల్‌కు పైవైపున లోహపు తీగలుండి వెలుగుకు అడ్డొచ్చేవి. సిలికాన్ పలకను వెనక నుంచి కొన్ని మైక్రాన్ల మందానికి అరగదీసి, ఆ వైపు నుంచే వెలుగు పడేలా చేసిన సెన్సర్లను సోనీ 2009లో మార్కెట్లోకి తెచ్చింది. గోరంత సెన్సరుండే ఫోన్లకు దీనివల్ల కలిగిన మేలు ఇంతా అంతా కాదు. 2018లో గూగుల్ తెచ్చిన నైట్ సైట్ ఒక్క ఫోటోకు బదులు పదిహేను ఫ్రేముల దాకా తీసి కలుపుతుంది. తొమ్మిది ఫ్రేములు కలిపితే మచ్చలు మూడో వంతుకు తగ్గుతాయి, మళ్లీ అదే వర్గమూలం లెక్క. ఎదుటివాళ్లు కదలకూడదు, అదొక్కటే షరతు. కుదురులేని పిల్లవాడి చేతుల దగ్గర ఫ్రేములు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు, అక్కడ మచ్చలు మిగిలిపోతాయి.

ఇంట్లో ఫోటోకు ఫ్లాష్‌ను ఎదురుగా కొట్టడం నాకు నచ్చదు. ముఖం చదునైపోతుంది, దీపం వెలుగు చచ్చిపోతుంది, దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతే చేరుతుంది కనుక వెనకనున్న మనుషులు నల్లబడతారు. కప్పు వైపు తిప్పి కొడితే మెత్తని వెలుగు వస్తుంది, ఆ కప్పుకు తెల్లసున్నం ఉండాలి. పచ్చరంగు వేసిన గదిలో ముఖాలు కూడా పచ్చబడతాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చాలా ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. షట్టర్ సెకనులో అయిదువందో వంతు పెడితే ఫోటోలో అడ్డంగా చారలు పడొచ్చు. యాభయ్యో వంతో, వందో వంతో పెడితే రావు. కూర్చున్న మనిషికి ఆ వేగం సరిపోతుంది, మోచేతులు ఒంటికి ఆనించుకుంటే కెమెరా షేక్ కూడా అవ్వదు. బల్బుకు రెండు మీటర్ల దూరాన కూర్చున్న నాయనమ్మ కుర్చీని ఒక మీటరు దగ్గరకు జరిపితే ఆమె ముఖం మీద వెలుగు నాలుగింతలవుతుంది, ఐఎస్ఓను 3200 నుంచి 800కు దించుకోవచ్చు.