ఏ నేల బ్యాక్టీరియా ఆ నేలకు

నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలో రెండు తీర్ల సేద్యం పక్కపక్కనే సాగుతుంది. సదర్మాట్ కాలువ పారే చోట వరి. నీరెక్కని చెల్కల్లో, నల్లరేగడిలో పత్తి, సోయా, మక్క, కంది. ఒకటి నెలల తరబడి నీళ్ళ కింద నానే నేల, ఇంకొకటి ఎండాకాలం నెర్రెలిచ్చే నేల. ఊరొకటే అయినా ఈ రెండు నేలల్లో బతికే సూక్ష్మజీవులు ఒకటి కావు. పంటకు మేలుచేసే బ్యాక్టీరియా గురించి, పురుగుమందుల అవశేషాలను విరగ్గొట్టే బ్యాక్టీరియా గురించి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి పరిశోధన జరుగుతోంది. ఆ ఫలితం రైతు చేతికొచ్చేసరికి మాత్రం అన్ని నేలలకూ ఒకే పొట్లం, ఒకే సీసా అయిపోతోంది. యూరియా ఎక్కడ చల్లినా యూరియానే, అందులో 46 శాతం నత్రజని ఉంటుంది. బ్యాక్టీరియా అలా కాదు. అది ప్రాణమున్నది. దానికి తిండి కావాలి, తేమ కావాలి, ముందునుంచీ అక్కడ పాతుకుపోయిన సాటి జీవులతో అది నెగ్గుకురావాలి. కాబట్టి దాన్ని ఏ నేలలో వాడతామో ఆ నేలలోనే వెతికి, అక్కడే పరీక్షించి తేవాలి. ఖానాపూర్ వంటి చోట్లకు కావలసిన పరిశోధన ఇదేనని నా నమ్మకం.

సోయాతో మొదలుపెడితే విషయం తేటపడుతుంది. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకోవడానికి వేరు బుడిపెలే కారణమని 1886లో జర్మనీ శాస్త్రవేత్త హెల్‌రీగెల్ ప్రకటించారు. ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియాను 1888లో నెదర్లాండ్స్‌కు చెందిన బైయెరింక్ వేరుచేశారు. అయితే ఏ బ్యాక్టీరియా పడితే అది ఏ మొక్కతోనైనా జతకట్టదు. సోయాకు కావలసింది బ్రాడీరైజోబియం జాతిలోని కొన్ని రకాలు. సోయా పుట్టిల్లు తూర్పు ఆసియా. ఆ పంట ఎరగని నేలల్లో దానికి తగిన బ్యాక్టీరియా తగినంత ఉండదు, అందుకే కొత్త చేలో విత్తనానికి పట్టించిన బ్యాక్టీరియా కల్చర్ స్పష్టంగా పనిచేస్తుంది. బ్రెజిల్ ఇదే దారిలో నడిచి, తన విశాలమైన సోయా సాగును దాదాపుగా నత్రజని ఎరువు లేకుండానే నడుపుతోంది. లెక్క వేసి చూడండి. పది క్వింటాళ్ళ సోయా గింజకు పైరు సుమారు 80 కిలోల నత్రజని తీసుకుంటుంది. అంతా యూరియాగా కొనాలంటే 45 కిలోల బస్తాలు నాలుగుకు కాస్త తక్కువ పడతాయి. అందులో పెద్ద వాటాను బుడిపెలు ఉచితంగా ఇవ్వగలవు. ఇస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. పూతదశలో ఒక మొక్కను మట్టితో సహా జాగ్రత్తగా పెకిలించి, బుడిపెను గోటితో చీల్చితే చాలు. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే అది పనిచేస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే పని జరగడం లేదు. పైరు ఇంకా నల్లగా నిగనిగలాడాలని పైన యూరియా చల్లితే మొక్క బుడిపెలను పోషించడం తగ్గిస్తుందన్నది కూడా రైతుకు తప్పక చెప్పవలసిన మాట.

అదే కల్చర్ పద్ధతి కందికో పెసరకో వర్తింపజేస్తే కథ మారుతుంది. ఇవి ఈ గడ్డ మీద తరతరాలుగా పండుతున్నవి. వీటితో జతకట్టే బ్యాక్టీరియా నేలలో కోట్లకొద్దీ ముందే ఉంది. బయటినుంచి తెచ్చిన రకం ఎంత సమర్థమైనదైనా వేరు దగ్గరికి ముందుగా చేరేది స్థానిక రకమే. వేరుశనగలో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు చేసిన కృషిలో తేలిందీ ఇదే. ఎన్‌సీ 92 అనే బ్యాక్టీరియా రకం కొన్ని వేరుశనగ వంగడాలతో, కొన్ని చోట్ల మంచి దిగుబడి ఇచ్చింది, అన్నిచోట్లా ఇవ్వలేదు. దీన్ని చూపి జీవన ఎరువులు ఉత్తవేనని తేల్చేవారున్నారు. నాకు ఆ తీర్పు తొందరపాటుగా కనిపిస్తుంది. ఒక చోట పనిచేసి ఒక చోట పనిచేయకపోవడానికి కారణం తెలిసినప్పుడు, ఆ కారణాన్ని పట్టుకుని ఏ మండలంలో ఏ పంటకు కల్చర్ అవసరమో, ఎక్కడ దండుగో ముందే చెప్పవచ్చు. నేలలో ఉన్న స్థానిక రకాల సంఖ్యను లెక్కపెట్టే పద్ధతులు పాతవే, ఖర్చు తక్కువవే. ఆ లెక్కలతో గీసిన మండలాలవారీ పటం మనకు లేకపోవడమే అసలు లోటు.

జీవన ఎరువుల మీద అనుమానానికి ఇంకో కారణం పొట్లమే. కేంద్రం 2006లో జీవన ఎరువులను 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్ల సజీవ కణాలు ఉండాలని ప్రమాణం పెట్టింది. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు అన్నీ ఉండవచ్చు. ఉమ్మడి ఆదిలాబాద్ ఎండల్లో, రేకుల గోదాములో, పురుగుమందుల డబ్బాల పక్కన మే నెలంతా గడిపిన పొట్లంలో ఎన్ని బతికుంటాయన్నది వేరే ప్రశ్న. ఆపైన శిలీంధ్రనాశినితో విత్తనశుద్ధి చేసి, అదే గంటలో అదే బేసిన్‌లో కల్చర్ కలిపితే మిగిలినవీ పోతాయి. మందు ముందు పట్టించి, ఆరనిచ్చి, చల్లటి బెల్లం ద్రావణంలో కలిపిన కల్చర్‌ను విత్తే ముందు నీడలో పట్టించాలి. ఇంత చిన్న విషయం పొట్లం మీద సన్నటి అక్షరాల్లో కాక పెద్దగా, తెలుగులో ఉండాలని కోరడం అత్యాశ కాదు.

పురుగుమందులను తినే బ్యాక్టీరియా సంగతి ఇంకా ఆసక్తికరమైనది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు విరివిగా పొలాల్లోకి వచ్చింది 1940ల తర్వాతే. అంటే బ్యాక్టీరియాకు ఇవి నిన్నమొన్నటి పదార్థాలు. అయినా 1973లో సేతునాథన్, యోషిదా ఫిలిప్పీన్స్‌లో డయాజినాన్ వాడిన వరి మడి నుంచి, ఆ మందునే తిండిగా వాడుకునే ఒక బ్యాక్టీరియాను వేరుచేశారు. సేతునాథన్ ఆ తర్వాత కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థలో ఈ పనిని చాలాకాలం కొనసాగించారు. ఆ బ్యాక్టీరియాలో మందును విరగ్గొట్టే జన్యువు పేరు ఓపీడీ. దాదాపు అదే జన్యువు వేరే ఖండంలో, వేరే జాతి బ్యాక్టీరియాలోనూ కనిపించింది. అదెలా సాధ్యమన్న ప్రశ్నకు తెలుగు నేల మీద మంచి జవాబు దొరికింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ, ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేసిన దయానంద సిద్దవట్టం బృందం 2003లో ఈ జన్యువు ఒక చోటి నుంచి ఇంకో చోటికి దుమికే డీఎన్‌ఏ ముక్కల నడుమ అమరి ఉందని చూపింది. ఒక బ్యాక్టీరియా నేర్చిన విద్య పక్క జాతికి అందగలదన్నమాట. మందు పడిన నేల తనను తాను శుభ్రం చేసుకునే శక్తిని సంపాదించుకోవడానికి ఇదొక దారి.

ఇక్కడే రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. నేల తానే శుభ్రమవుతుంటే మందు కొట్టడానికి భయమెందుకు అని కొందరంటారు. విరగడమంటే మాయమవడం కాదు. పారాథియాన్ విరిగితే వచ్చే పారానైట్రోఫినాల్ విషమే, దాన్ని తినడానికి చాలాసార్లు రెండో రకం బ్యాక్టీరియా కావాలి. పత్తి రైతుకు బాగా తెలిసిన క్లోరోపైరిఫాస్ విరిగితే వచ్చే టీసీపీ అనే పదార్థం సూక్ష్మజీవులనే దెబ్బతీస్తుంది, దాంతో శుభ్రపరిచే పని మధ్యలో ఆగుతుంది. పైగా ఒకే మందు పదేపదే వేసిన నేలలో దాన్ని తినే బ్యాక్టీరియా పెరిగి, పురుగు చావకముందే మందు అయిపోతుంది. కార్బోఫ్యూరాన్ విషయంలో ఇది చాలా దేశాల్లో నమోదైంది. మోతాదు పెంచిన రైతు అప్పుడు పురుగును చంపుతున్నట్టు కాదు, బ్యాక్టీరియాను మేపుతున్నట్టు. ఇక సీసం, కాడ్మియం వంటి లోహాలను ఏ బ్యాక్టీరియా తినేయలేదు, రూపం మాత్రం మార్చగలదు. వాటికి ఈ వైద్యం చెప్పడం మోసం.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ప్రయోగశాల ఫ్లాస్కులో పదిరోజుల్లో మందును ఖాళీచేసిన రకం పొలంలో ఎందుకు చతికిలబడుతుంది? ఫ్లాస్కులో దానికి పోటీ లేదు, వేటాడే ప్రోటోజోవా లేదు, ఒకే మందు, సమమైన వేడి. పొలంలో ఇవన్నీ తలకిందులు. నేనీ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను, నా వాదనకు ఇది ఆధారం కూడా. బయటి రకాన్ని పోయడం కంటే, అక్కడే మందుతో కలిసి బతకడం నేర్చిన రకాలను గుర్తించి, వాటికి తిండి పెట్టడం నయం. ఆ తిండి సేంద్రియ పదార్థం. పశువుల పెంట తగ్గి, పత్తికట్టెనూ వరి కొయ్యకాళ్ళనూ కాల్చే పొలంలో ఏ బ్యాక్టీరియా ఎంతకాలం నిలుస్తుంది? వరి మడిలో మాత్రం నీళ్ళ కింది గాలి అందని స్థితి వల్ల లిండేన్ వంటి కొన్ని మందులు పొడి నేలలో కంటే వేగంగా విరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఖానాపూర్ కాలువ కింది నేలకూ, మెట్ట చెల్కకూ ఒకే సలహా ఇవ్వకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

దీనికి కొత్త సంస్థలు అక్కర్లేదు. 2014లో ఏర్పడిన ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి గోదావరి అవతలి ఒడ్డున జగిత్యాల పొలాసలో ప్రాంతీయ పరిశోధనా స్థానం, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. బాసర అనే సోయా రకాన్ని ఇచ్చిన పరిశోధనా స్థానం ఆదిలాబాద్‌లో ఉంది. విత్తనాన్ని ఈ నేలకు తగినట్టు ఎంచినవారు దాని వేరు మీది బ్యాక్టీరియానూ అలాగే ఎంచాలి. ఖానాపూర్‌కు ఇంకో అదృష్టం ఉంది. కవ్వాల్ అడవి పక్కనే ఉంది. పురుగుమందు ఎరగని అడవి మన్ను, దశాబ్దాలుగా మందు పడిన పత్తి మన్ను కొద్ది దూరంలో దొరికే చోటు పరిశోధకుడికి మళ్ళీ మళ్ళీ దొరకదు. రెండింటినీ పోల్చితే మందు వల్ల నేల ఏ జీవులను పోగొట్టుకుందో, వేటిని కొత్తగా పెంచుకుందో తెలుస్తుంది. మన్ను తీసుకునే ముందు అక్కడి గోండు, నాయకపోడు గ్రామసభల సమ్మతి అడగాలి. దొరికిన రకం రేపు సరుకైతే అందులో వారి వాటా ఏమిటో ఆ రోజే రాసుకోవాలి.

ఇంత సూక్ష్మంగా మండలానికో రకం అంటే ఖర్చు భరించలేమని అధికారులు అనవచ్చు. మండలానికో ఫ్యాక్టరీ కావాలని ఎవరూ అడగడం లేదు. వేరుచేసిన రకాలను భద్రపరిచే ఒక నిల్వ, నేల రకాన్ని బట్టి నాలుగైదు రకాల ఎంపిక, వానాకాలం విత్తనాల ముందు తాజాగా తయారై నేరుగా వచ్చే కల్చర్ ఉంటే సరిపోతుంది. ప్రతి కట్టలోంచి ఒక పొట్లాన్ని తీసి, అది దుకాణంలో ఉండగానే బతికున్న కణాలను లెక్కించి ఆ అంకెను దుకాణం గోడ మీద అతికిస్తే, కొనాలో వద్దో రైతే నిర్ణయించుకుంటాడు.