అనంతగిరి కాఫీ తోటలో ఒక దినము

మార్గశిర మాసమున మన సంఘ సభ్యులు కొందఱును నేనును విశాఖపట్టణమున ఉదయపు రైలెక్కి బొర్రా గుహల స్టేషనున దిగితిమి. సమీపమున గోస్తనీనదిపై గల కటికి జలపాతమును చూచి, అనంతగిరి ప్రాంతమున నొక గిరిజన రైతు తోటకు పోయితిమి.

అచట సిల్వరు ఓకు చెట్ల నీడను కాఫీ మొక్కలు పెరుగుచున్నవి; ఆ చెట్లకే మిరియపు తీగెలు ప్రాకియున్నవి. ఒకే నేలయందు రెండు ఫలసాయములు! స్త్రీలు ఎఱ్ఱని పండ్లను మాత్రమే యేఱుచుండిరి. “కొమ్మకొమ్మయు దూసివేసిన పని త్వరగా తీరదా?” యని మనవారొకరు అడిగిరి.

“పచ్చికాయ కలిస్తే రుచి పోద్ది బాబూ. నా బుట్ట పాడైతే ఊరందరి సరుకూ పాడే” అని యొకామె బదులు చెప్పెను.

ఈ మన్యమున చిన్న కమతముల రైతులనేకులు సహకార సంఘముగా నేర్పడి, పండ్లను ఒకచోట చేర్చి, శుద్ధిచేయించి యమ్ముచున్నారు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి పేరు ఒక్కొక్క బుట్టవలననే నిలుచును.

సాయంకాలమున ఊరి స్త్రీలు చేతులు పెనవేసికొని, అడుగు తప్పక థింసా ఆడిరి. ఆనందముతో తిరిగి వచ్చితిమి.

సోదర రైతులారా! మన గిడ్డంగికి తడి ధాన్యమును, తాలుకాయలు కలిపిన మిరపను తెచ్చునపుడు ఆమె బుట్టను జ్ఞప్తికి దెచ్చుకొనుడు.